ఫోన్‌లోంచి దిగిన అమ్మ

"కళ్లు మూసుకో! మూసుకోమంటే నోరు తెరుస్తావేంట్రా?"

తమ్ముడి తలకి రెండోసారి సబ్బు రాస్తోంది తూనీగ. వాడు నీళ్ల తొట్టి పక్కన బండ మీద నిలబడి, జారుతున్న నురగని నాలుకతో అందుకోవాలని చూస్తున్నాడు.

"ఇందాకే రుద్దావు కదే," అంది గడప మీద కూర్చున్న నాయనమ్మ. "ఇంకా రుద్దితే తోలు ఊడి నీ చేతికొస్తుంది."

"మోకాళ్లు చూడు నాయనమ్మా, ఎంత నల్లగా ఉన్నాయో! అమ్మ చూస్తే ఏమనుకుంటుంది?"

"వీడి మోకాళ్లు చూడటానికా మీ అమ్మ అంత దూరం నుంచి వస్తోంది?"

తూనీగ అసలు పేరు బడి రిజిస్టరులో మాత్రమే ఉంది. సన్నటి కాళ్లేసుకుని ఒక్కచోట నిలవకుండా తిరుగుతుంది కాబట్టి వీధిలో అందరికీ తూనీగే. తమ్ముడు నడక వచ్చిన మొదటి రోజే గిరగిరా తిరిగి కింద పడ్డాడు. అందుకని వాడు బొంగరం. తూనీగకి పదేళ్లు. బొంగరానికి ఇంకా మూడు నిండలేదు.

ఈరోజు పది గంటల బస్సుకి అమ్మ వస్తోంది. పద్నాలుగు నెలల తర్వాత!

ఊళ్లో వానలు పడే నాలుగు నెలలే పని ఉంటుంది. అందుకే అమ్మా నాన్నా దూరంగా ఒక బట్టల ఫ్యాక్టరీలో చేరారు. నాన్న గోడౌన్‌లో పెట్టెలు మోస్తాడు, ఆయనకి ఈసారి సెలవు దొరకలేదు. అమ్మ చొక్కాలకి చేతులు అతుకుతుంది. కాలర్లు వేరేవాళ్లు కుడతారు, గుండీలు ఇంకెవరో కుడతారు. అమ్మవి చేతులే. రోజుకి మూడు వందల చేతులు!

తూనీగ క్లాసులో ముప్పై ఒక్క మంది పిల్లలుంటే, పన్నెండు మందికే అమ్మలు ఇంట్లో ఉన్నారు. మిగతావాళ్లవి ఫోన్ అమ్మలు. పిల్లలు అలాగే అంటారు. "మీది ఇంటి అమ్మా, ఫోన్ అమ్మా?" అని అడుగుతారు.

ఈ మూడు రోజులూ తూనీగది ఇంటి అమ్మ! అందుకే లీవ్ లెటర్‌లో 'కారణం: మా అమ్మను చూడాలి' అని రాసిచ్చింది. టీచర్ అది చదివి, కళ్లజోడు సర్దుకుని, "జ్వరం అని రాయని లీవ్ లెటర్ ఈ ఏడాదికి ఇదే మొదటిది" అంటూ సంతకం పెట్టారు.

సబ్బు తూనీగ చేతిలోంచి జారింది. దాని వెనకే బొంగరమూ జారాడు. ఒంటి మీద నూలుపోగు లేకుండా వీధిలోకి ఒకటే పరుగు.

"పట్టుకోండి! పట్టుకోండి! తడిగా ఉన్నాడు, జారిపోతాడు!"

ఎదురు షాపులో సైకిల్‌కి చైను వేస్తున్న మెకానిక్ మామ లేచి వాణ్ణి గాల్లోనే అందుకున్నాడు. తీసుకొచ్చి తూనీగ చేతికిచ్చాడు. బొంగరం వీపు మీద రెండు నల్లటి గ్రీజు చేతులు అచ్చు పడ్డాయి.

"మామా!" అని అరిచింది తూనీగ.

మూడోసారి సబ్బు రాయక తప్పలేదు.

* * *

బస్సు మలుపు తిరుగుతుంటేనే తూనీగ ఎగరడం మొదలుపెట్టింది. చంకలో ఉన్న బొంగరం కూడా ఆమెతో పాటు పైకీ కిందకీ ఎగిరాడు. ఎందుకో వాడికి తెలియదు. కానీ బాగుంది.

బస్సాగింది. ముందు ఒక సంచి దిగింది. తర్వాత ఇంకో సంచి దిగింది. ఆ తర్వాత అమ్మ దిగింది.

ఫోన్‌లో అమ్మకి ఎప్పుడూ మొహమే ఉండేది. ఒక్కోసారి సగం మొహమే. ఈ అమ్మకి కాళ్లున్నాయి. భుజాలున్నాయి. సబ్బూ మిషను నూనే కలిసిన వాసన కూడా ఉంది!

"అమ్మా!"

అమ్మ ఒక చేత్తో తూనీగని దగ్గరికి లాక్కుని, రెండో చెయ్యి బొంగరం వైపు చాపింది. "నా తండ్రే! ఎంతయ్యావురా! రా నాన్నా, అమ్మ దగ్గరికి రా."

బొంగరం తూనీగ మెడని రెండు చేతులతో బిగించాడు. "కాదు," అన్నాడు.

"ఏం కాదురా?"

"అమ్మ కాదు. అమ్మ ఇంతే ఉంటుంది." వాడు తన అరచెయ్యి చాపి చూపించాడు.

కండక్టరు పగలబడి నవ్వాడు. "ఏమ్మా, ఎక్కేటప్పుడు ఇంతే ఉన్నావా? మా బస్సులో పెరిగావా?"

కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లందరూ నవ్వారు. పక్కనే ఉన్న నాయనమ్మ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. చాపిన చెయ్యి మాత్రం కాసేపు అలాగే ఉండి, తర్వాత కిందకి దిగి సంచి అందుకుంది.

బొంగరం ఇంటిదాకా తూనీగ మెడ వదల్లేదు. ఊపిరాడనంతగా పట్టుకున్నాడు. తూనీగకి అది బాగుంది. ఎందుకని అడిగితే చెప్పడం రాదు గానీ, చాలా బాగుంది.

ఇంటికి రాగానే అమ్మ సంచిలోంచి ఒక నీలం చొక్కా తీసింది. ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలతో, భోజనాల బెల్లులో రోజుకి కాస్త చొప్పున కుట్టిందట. బొంగరానికి తొడగబోతే తల పట్టింది, చేతులు మోచేతుల దగ్గరే ఆగాయి. పొట్ట మొత్తం బయటే ఉండిపోయింది.

"ఫోన్‌లో ఇంతే కనిపించాడత్తయ్యా!" అంది అమ్మ.

"ఫోన్‌లో నేనూ సన్నగానే ఉంటాను," అంది నాయనమ్మ. "నన్ను చూసి రవిక కుట్టావు కాదు, బతికిపోయాను."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. బొంగరం తన పొట్ట తాను చూసుకుని, అందరికంటే గట్టిగా నవ్వాడు. కానీ అమ్మ ఎత్తుకోబోతే మళ్లీ తూనీగ వెనక్కి పోయాడు.

మధ్యాహ్నం అమ్మ అన్నం కలిపి ముద్ద పట్టుకుంది. బొంగరం పెదాలు బిగించాడు. ముద్ద కుడివైపు వస్తే తల ఎడమకి, ఎడమవైపు వస్తే కుడికి తిప్పాడు.

"అక్క పెట్టాలి."

"వీడికెలా పెడతావే?" అమ్మ తూనీగని అడిగింది. "ఏం చేస్తే తింటాడు? నాకూ చెప్పు."

చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. ముద్దల్ని కంచం అంచున వరసగా నిలబెట్టాలి. అవి ప్రయాణికులు. ఒకటి టీచర్, ఒకటి మెకానిక్ మామ, ఒకటి నాయనమ్మ. బొంగరం నోరు బస్సు. 'పీఁ పీఁ' అని రెండుసార్లు హారన్ కొట్టి, "ఎక్కండి ఎక్కండి, లోపలికి జరగండి!" అనాలి. అంతే.

"నాకేం తెలుసు?" అంది తూనీగ. "నేను పెడితే తింటాడంతే."

కంచం తీసుకుని వాణ్ణి పెరట్లోకి నడిపించింది. గోడ పక్కన కూర్చోబెట్టి, గొంతు తగ్గించి 'పీఁ పీఁ' అంది.

"గట్టిగా కొట్టు!" అన్నాడు బొంగరం.

"ష్! ఇవాళ హారన్ పాడైంది."

నీళ్లకని పెరట్లోకి వచ్చిన నాయనమ్మ ఆగి చూసింది. "ఏమే, నీ బస్సు ఇవాళ దొంగదారిన పోతోందేంటి?"

తూనీగ వినపడనట్టు తలొంచుకుంది.

అన్నం తిన్నాక బొంగరం తూనీగ పక్కనే పడుకున్నాడు. ఆమె జో కొడుతుంటే అవతలి గదిలోంచి అమ్మ మాటలు వినిపించాయి.

"మళ్లీ సెలవు ఎప్పుడిస్తారో తెలీదత్తయ్యా. పెద్ద ఆర్డరు వచ్చిందట. ఈ మూడు రోజుల్లో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వాడంతట వాడు నా దగ్గరికొస్తే చాలు. అది చూసుకుని వెళ్లిపోతాను."

జో కొడుతున్న చెయ్యి ఆగింది.

'నేనొచ్చాను కదా?' అనుకుంది తూనీగ. 'బస్సు దగ్గర అందరికంటే ముందు నేనే వచ్చాను కదా?'

మళ్లీ జో కొట్టడం మొదలుపెట్టింది. కొంచెం గట్టిగానే పడ్డాయి దెబ్బలు. బొంగరం నిద్రలో ముక్కు ముడిచాడు.

* * *

మర్నాడు పొద్దున అమ్మ కళ్లు మెరుస్తున్నాయి. తూనీగని వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది.

"వాడి అమ్మ ఫోన్‌లో ఉంది కదా? అయితే నేను ఫోన్‌లోంచి దిగుతాను!"

"దిగటమేంటమ్మా?"

"నువ్వు నాయనమ్మ ఫోన్ వాడి చేతికివ్వు. మిగతాది నేను చూసుకుంటా."

తూనీగకి ఒక్కసారిగా హుషారొచ్చింది. అమ్మ తనకే చెప్పింది, ఇంకెవ్వరికీ చెప్పలేదు! కానీ ఆ ఇంట్లో రహస్యానికి కాళ్లెక్కువ. అమ్మ తన ఫోన్ తీసుకుని సైకిల్ షాపు వెనక్కి వెళ్లేసరికి, వీధి పిల్లలందరూ వరసగా ఆమె వెనకే వెళ్లారు.

నాయనమ్మ ఫోన్ మోగింది. తెర మీద అమ్మ మొహం రాగానే బొంగరం కేరింత కొట్టాడు.

"అమ్మా! అమ్మా! నిన్న ఒకామె వచ్చింది."

"అలాగా? ఎవరామె?"

"తెలీదు. మనింట్లోనే ఉంది. ఇంకా పోలేదు."

బయట పిల్లల నవ్వు వినిపించింది. ఎవరో "ష్!" అన్నారు.

"మంచిదేనా మరి?" అమ్మ అడిగింది.

బొంగరం ఆలోచించాడు. "చొక్కా తెచ్చింది. పొట్ట పట్టలేదు."

"పోనీలే. నేనొస్తున్నా నీ దగ్గరికి. ఫోన్‌లోంచి దిగుతున్నా. చూస్తుండు, దిగుతున్నా..."

తెర మీద సైకిల్ షాపు కదిలింది. వేలాడే టైర్లు కనిపించాయి. "మామ షాపు!" అని అరిచాడు బొంగరం. తర్వాత నీళ్ల తొట్టి కనిపించింది. "మన తొట్టి!" తర్వాత తలుపు. "అక్కా, మన తలుపు! ఫోన్‌లో మన తలుపు!"

తూనీగ కూడా వంగి తెరలోకే చూసింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అమ్మ, ఫోన్ తన వైపు తిప్పుకుని నిలబడింది. ఫోన్‌లోనూ అమ్మే ఉంది. రెండు చోట్లా ఒకే నవ్వు.

బొంగరం ఫోన్ చూశాడు. గుమ్మం చూశాడు. మళ్లీ ఫోన్ చూశాడు. వాడి నోరు గుండ్రంగా తెరుచుకుంది. ఒక అడుగు ముందుకేశాడు. ఇంకో అడుగు వేయబోయాడు.

అమ్మ ఇక ఆగలేకపోయింది. వాణ్ణి ఎత్తుకోవాలని, ఫోన్ కట్టేసి రెండు చేతులూ చాపింది.

వాడి చేతిలో తెర నల్లగా అయిపోయింది.

"అమ్మ పోయింది!" బొంగరం కెవ్వుమన్నాడు. "ఈమె అమ్మని తీసేసింది! అక్కా! అక్కా!"

ఫోన్ నేలకేసి కొట్టి, పరుగెత్తి తూనీగ కాళ్లు చుట్టేసుకున్నాడు. కిటికీకి వేలాడుతున్న పిల్లలు చప్పుడు చేయకుండా దిగిపోయారు.

అమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అక్కణ్ణుంచే అడిగింది.

"అమ్మ ఫోన్‌లో ఉంటుందని నీకెవరు చెప్పార్రా?"

"అక్క," అన్నాడు వాడు వెక్కుతూ.

తూనీగ మొహం వేడెక్కింది. దాక్కోవడానికి ఆమెకి ఎవరి కాళ్లూ లేవు.

"నువ్వెళ్లిన కొత్తలో వాడు తలుపు దగ్గర్నుంచి లేచేవాడు కాదమ్మా," అంది. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "రోజంతా ఏడ్చేవాడు. అన్నం ఉమ్మేసేవాడు. నాయనమ్మక్కూడా ఏం చెయ్యాలో తెలీలేదు. అప్పుడు నేనే, 'అమ్మ ఎక్కడికీ పోలేదురా, ఫోన్‌లోనే ఉంది, పడుకుంది, అరిస్తే లేస్తుంది' అన్నాను. టక్కున ఆపేశాడు. ఇంక రోజూ అదే చెప్పాను. నిజమనుకుంటాడని నాకు తెలీదు."

ఇక తిట్లు పడతాయనుకుంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ముందు కూర్చోబెట్టుకుంది.

"వాడేడిస్తే నువ్వు చెప్పావు. మరి నువ్వేడిస్తే నీకెవరు చెప్పారే?"

"నేనెందుకేడుస్తాను? నాకు టైమెక్కడుంది?"

అమ్మ తూనీగ జడ విప్పి, చిక్కు తీయడం మొదలుపెట్టింది. పైన కుదుళ్ల నుంచి కాకుండా కింద చివర్ల నుంచి, మెల్లగా. తూనీగ తనంతట తాను వేసుకుంటే జడ ఎప్పుడూ ఒక పక్కకే పోతుంది. పద్నాలుగు నెలల తర్వాత ఈరోజు వీపు మధ్యలోకి వచ్చింది. తూనీగ ఒళ్లో కూర్చున్న బొంగరం అమ్మ చేతుల వైపు అనుమానంగా చూస్తున్నాడు, అక్కని ఏం చేస్తోందోనని.

"అమ్మా," అంది తూనీగ వెనక్కి తిరక్కుండా. "ముద్దలు బస్సెక్కాలి. అప్పుడు తింటాడు."

హారన్ సంగతీ, ప్రయాణికుల సంగతీ మొత్తం చెప్పేసింది.

"నిన్న తెలీదన్నావు?"

"తెలుసు. చెప్పబుద్ధి కాలేదు."

అమ్మ జడ చివర రిబ్బను బిగించింది.

* * *

మూడో రోజు వచ్చేసింది. పన్నెండు గంటల బస్సుకి అమ్మ వెళ్లాలి.

తూనీగ పొద్దున లేచేసరికే ప్రతి నిమిషానికీ ఒక పని అనుకుని ఉంది. అమ్మకి తన డ్రాయింగ్ పుస్తకం చూపించాలి. తను ఇప్పుడు సైకిల్ తొక్కగలదని చూపించాలి. అమ్మ చెయ్యి పట్టుకుని వీధంతా ఒక రౌండు తిరగాలి, ముఖ్యంగా ఇంటి అమ్మలున్నవాళ్ల గుమ్మాల ముందు నుంచి. కానీ అన్నిటికంటే ముందు బొంగరం అన్నం.

అమ్మ కంచం అంచున ముద్దలు పేర్చింది. తూనీగ పక్కన నిలబడి చెబుతోంది.

"'పీఁ' కాదమ్మా, 'పీఁ పీఁ'. రెండుసార్లు. గట్టిగా!"

"పీఁ పీఁ!"

"ముందు టీచరెక్కాలి. అది మామ. టీచర్ చిన్న ముద్ద."

బొంగరం అమ్మ వంక చూడనేలేదు. "అక్కా, ఈమెకి రాదు," అన్నాడు. కంచాన్ని రెండు చేతులతో తూనీగ వైపు నెట్టాడు. "నువ్వు కొట్టు."

అమ్మ చేతిలో ముద్ద గాల్లోనే ఉంది. నవ్వబోయింది. ఈసారి నవ్వు సరిగా రాలేదు.

గడియారం తొమ్మిదిన్నర కొట్టింది.

తూనీగ కొంచెం కుడివైపు జరిగింది. బొంగరం కళ్లు కుడివైపు వచ్చాయి. గోడ వైపు జరిగింది. కళ్లు అక్కడికీ వచ్చాయి. తలుపు దగ్గరికి వెళ్లింది. వాడి తల మొత్తం తలుపు వైపు తిరిగింది. ఆ చూపు దారిలో అమ్మ ఎక్కడా లేదు.

తూనీగ ఇంకొక్క అడుగు వెనక్కి వేసి, తలుపు తెర వెనక్కి జరిగింది.

"అక్కా?"

ఆమె పలకలేదు.

"అక్కేది? అక్కా!"

గొంతులో ఏడుపు మొదలైంది. ఆ ఏడుపు తూనీగకి తెలుసు. ముందు సన్నగా వస్తుంది, తర్వాత ఇల్లెగిరిపోతుంది. 'ఇదిగో ఉన్నాన్రా' అనడానికి నోరు తెరుచుకుంది. అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. గడప మీద నాయనమ్మ లేవబోయింది. తూనీగ వద్దని తల ఊపింది. నాయనమ్మ ఆమె వంకే చూస్తూ మళ్లీ కూర్చుంది.

లోపల అమ్మ హారన్ కొట్టలేదు. రా అనలేదు. చేతులు చాపలేదు. కంచం నేల మీద పెట్టేసింది.

"సరే, తినకు," అంది మామూలుగా. "నాకే ఆకలేస్తోంది. పొద్దున్నుంచి నేనూ ఏం తినలేదు. నాకెవరు పెడతారు?"

ఏడుపు కొంచెం ఆగింది.

"నువ్వే తిను," అన్నాడు బొంగరం.

"నాకు రాదన్నావుగా?"

తెర పక్క సందులోంచి తూనీగ ఒక కంటితో చూసింది. బొంగరం ముక్కు తుడుచుకున్నాడు. కంచం చూశాడు. అమ్మని చూశాడు. ఒక అడుగు వేసి ఆగాడు. అమ్మ కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు. ఇంకో అడుగు వేశాడు. వంగి, అన్నిటికంటే పెద్ద ముద్ద పట్టుకున్నాడు. సగం వేళ్ల సందుల్లోంచి కింద పడింది.

"ఆఁ అను," అన్నాడు.

అమ్మ ఆఁ అంది.

"ఇంకా పెద్దగా!"

ముద్ద కొంత నోట్లోకి, కొంత గడ్డం మీదకి వెళ్లింది. వాడు అమ్మ మోకాలి మీద చెయ్యేసి, ఆమె నమిలేదాకా మొహంలో మొహం పెట్టి చూశాడు.

"కళ్లలో నీళ్లొస్తున్నాయి. కారమా?"

"అవున్రా. బాగా కారం."

"అయితే ఇప్పుడు నాకు," అంటూ వాడు మోకాలి మీదకి ఎక్కి నోరు తెరిచాడు.

తూనీగకి చప్పట్లు కొట్టాలనిపించింది. లోపలికి దూకి ఆ రెండో మోకాలి మీద తానూ కూర్చోవాలనిపించింది. కాలు ముందుకే కదిలింది కూడా. నాలుగు అడుగులు వేస్తే చాలు, అమ్మ ఒడి అక్కడే ఉంది.

ఆమె తెర వదిలేసింది. చప్పుడవుతుందని చెప్పులు చేత్తో తీసుకుంది.

నాయనమ్మ మోకాళ్లు పక్కకి జరిపి దారిచ్చింది. తూనీగ వేళ్ల మీద నడుస్తూ గడప దాటి వీధిలోకి వెళ్లిపోయింది.